నాలుగింటి నుంచి చీకటి పడేదాకా

(ఊరి శాఖా గ్రంథాలయం ఆవరణలో, ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పొద్దుటి నుంచి చేలో నడుం వంచి, కాళ్ళు కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చిన అమ్మలకు ముందుగా నమస్కారం. మీరు అలిసిపోయి ఉన్నారని తెలుసు. అయినా రమ్మన్నాను. బడి వదిలాక పిల్లలు చీకటి పడేదాకా ఆడుకుంటూ ఉండటానికి ఈ గ్రంథాలయం వరండాలో ఒక చోటు పెడదామన్న మాట మీతోనే చెప్పాలి. మీ గురించి ఇంకెవరితోనో చెబితే పని జరగదు.

మన బడి నాలుగింటికి వదులుతారు. మిరప కోతల రోజుల్లో కూలీల ముఠా ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి ఆరు దాటుతుంది. దూరం చేలయితే ఏడు. ఈ మధ్యలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లలు ఎక్కడుంటారు?

నేను ముప్ఫై ఏళ్ళు ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, పనిచేశాను. అందులో ఇరవై నాలుగేళ్ళు ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. గంట కొట్టాక పిల్లలు ఇళ్ళకు పోతారు అనుకునేవాణ్ణి. ఒకరోజు కళ్ళజోడు బళ్ళో మర్చిపోయి అయిదున్నరకు వెనక్కి వెళ్ళాను. వరండాలో అక్కాచెల్లెళ్ళిద్దరు, ఒకరు మూడో తరగతి, ఒకరు ఒకటో తరగతి, సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చిన్నది సుద్దముక్కతో బండ మీద ఇల్లు గీస్తోంది. "ఇంటికి పోలేదేమ్మా?" అన్నాను. "తాళం వేసుంది సార్" అంది పెద్దది. తాళంచెవి వాళ్ళమ్మ చెంగున ఉంది, అమ్మ కోతల్లో ఉంది. "మరి ఇక్కడెందుకు కూర్చున్నారు?" అంటే ఆ పిల్ల చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "ఇక్కడైతే కుక్కలు రావు సార్, గేటు ఉంది కదా."

మేము పిల్లలకు చదువు చెప్పే చోటని బడి కట్టుకున్నాం. ఆ పిల్లకు మాత్రం అది కుక్కలు రాని చోటు. ఆ మరుసటి సోమవారం నుంచి నేను ఆరింటిదాకా బళ్ళోనే ఉండటం మొదలుపెట్టాను. పదవీ విరమణ దాకా ఆరేళ్ళు అలా నడిచింది. ఆ ఆరేళ్ళలో నేర్చుకున్నదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ఏడాదికి కనీసం 200 రోజులు, 800 గంటలు పాఠాలు జరగాలని అందులో ఉంది. నిద్రకు రోజుకు పది గంటలు తీసేసినా ఒక బిడ్డ ఏడాదిలో 5,110 గంటలు మెలకువగా ఉంటుంది. చట్టం చెప్పిన 800 అందులో ఆరో వంతు కూడా కాదు. మన బడులు అంతకంటే ఎక్కువే నడుస్తాయి, అయినా పావు వంతుకు అటూ ఇటూగానే తేలుతుంది. మిగతా గంటల గురించి ఎవరు రాశారు? బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి పనిలో పిల్లలు కుటుంబానికి సాయం చేయవచ్చని రాశారు. ఇంటి పనిలో సాయం తప్పని నేను అనను. మనందరం చేసి పెరిగినవాళ్ళమే. కానీ చట్టానికి ఆ గంటలు కనిపించింది పని కోసం. ఆట కోసం ఎవరికీ కనిపించలేదు. అది నన్ను బాధపెడుతుంది.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను, మీరు మళ్ళీ చేయకుండా. మొదటి రెండు నెలలు ఆ సాయంత్రాన్ని ఇంకో బడిగా నడిపాను. ఎక్కాలు, డిక్టేషన్, చదవడం రానివాళ్ళకు మళ్ళీ గుణింతాలు. మొదటి వారం ముప్ఫైమంది వచ్చారు, నెల తిరిగేసరికి తొమ్మిదిమంది. నాలుగో తరగతి కుర్రాడొకడు గుమ్మం దగ్గరే నిలబడి, "మళ్ళీ బడేనా సార్?" అన్నాడు. పొద్దుటి నుంచి ఆరేడు గంటలు కూర్చున్న బిడ్డను అదే బెంచీ మీద మళ్ళీ కూర్చోబెట్టాను. పెద్దవాళ్ళం మనం ఎనిమిది గంటల పని చేసి వచ్చాక ఎవరైనా మళ్ళీ అదే పని చెబితే ఊరుకుంటామా?

మీలో చాలామంది ఇప్పటికే నాతో అన్నారు, "మాస్టారూ, ఎలాగూ కూర్చోబెడతారు కాబట్టి ట్యూషన్ చెప్పేయండి" అని. ఆ ఆశ నాకు తెలుసు. నెలకు మూడు నాలుగొందలు ట్యూషన్‌కు కట్టే ఇళ్ళున్నాయి, కట్టలేక బాధపడే ఇళ్ళూ ఉన్నాయి. హోంవర్క్ ఉన్న పిల్లలకు అరగంట ఒక మూల కూర్చుని చేసుకునే వీలు ఉంటుంది, పక్కన అడగడానికి మనిషి ఉంటారు. అంతకు మించి మాత్రం ఒప్పుకోను. మిగతా సమయం పిల్లలది.

ఆ సమయంలో ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను. మా బడి వరండా బండ మీద సుద్దతో వామనగుంటలు గీశాం, ఇటు ఏడు, అటు ఏడు. గుంటకు నాలుగేసి చింతగింజలు. ఒక పిల్ల, పేరు చెప్పను, రెండో తరగతి. లెక్కలు రావని ప్రోగ్రెస్ కార్డులో నేనే రాశాను. ఆ పిల్ల తన వంతు వచ్చినప్పుడు గింజలు వెంటనే తీయలేదు. ఒక గుంట మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, వరసగా గుంటలన్నీ చూసుకుంటూ పోయింది. తర్వాత నాకేసి చూసి, "ఇందులో అయిదున్నాయి సార్. ఇవి పంచితే ఆరోది ఖాళీ. దాన్ని తుడిస్తే ఏడో గుంటలో తొమ్మిది నావి" అంది. పంచింది, ఖాళీ గుంట తుడిచింది, తొమ్మిది గింజలూ ఒళ్ళో వేసుకుంది. నేను నల్లబల్ల మీద వేసిన కూడిక చేయలేని పిల్ల, ఏడు గుంటల అవతల ఏం జరుగుతుందో ముందే చూసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎంతమంది కార్డుల్లో అలా రాసి ఉంటానో అని.

పులిమేక కూడా అంతే. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు ఒంటరిగా ఉంటే చస్తాయి, జట్టుగా నిలబడితే పులి కదలలేదు. అది ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు, రెండు ఆటలు ఓడిపోతే వాళ్ళకే తెలుస్తుంది. తొక్కుడు బిళ్ళ, ఏడు పెంకులాట, గచ్చకాయలు, ఇవన్నీ మీకు నాకంటే బాగా వచ్చు. క్యారమ్ బోర్డు ఎవరైనా ఇస్తే సంతోషం. లేకపోయినా ఆగదు.

ఇక ఆకలి. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకో ఒంటిగంటకో తిన్న పిల్ల నాలుగింటికి ఆకలితో ఉంటుంది. ఖాళీ కడుపుతో ఏ ఆటా సాగదు, ముందు తగువు మొదలవుతుంది. మేము రోజూ గుగ్గిళ్ళు పెట్టాం. కిలో శెనగలు రాత్రి నానబెడితే పొద్దునకు రెట్టింపవుతాయి. ఉప్పేసి ఉడికిస్తే ముప్ఫైమంది పిల్లలకు తలా గుప్పెడు వస్తాయి. ఖర్చు వంద రూపాయలకు అటూ ఇటూ. ఒక రోజు శెనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు ఉడకేసిన వేరుశెనక్కాయలు. ఎవరి పుట్టినరోజున వాళ్ళింటి నుంచి అటుకులు, బెల్లం వచ్చేవి. బిస్కట్ ప్యాకెట్లు మాత్రం వద్దని నా మనవి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి ఏడాది నేను "బడిలో పేరున్న పిల్లలే రావాలి" అని నియమం పెట్టాను. నెల తర్వాత చూస్తే మగపిల్లలు నిండుగా ఉన్నారు, ఆడపిల్లలు అయిదారుగురు. ఒకమ్మాయి గేటు బయట నిలబడి చూస్తోంది, చంకలో తమ్ముడు. లోపలికి రమ్మంటే, "వీడు ఏడుస్తాడు సార్" అంది. నాకప్పుడు అర్థమైంది. ఎనిమిదేళ్ళ ఆడపిల్లకు సాయంత్రం ఖాళీ ఉండదు, చంకలో బిడ్డ ఉంటుంది. నియమం తీసేశాం. వరండా చివర చాప పరిచి, రెండు గిలక్కాయలు, పాత చీరతో ఊయల పెట్టాం. వారం తిరక్కుండా ఆడపిల్లలు పదిహేడుమంది అయ్యారు. ఇక్కడ మొదటి రోజు నుంచే ఆ చాప ఉంటుంది.

కోతల కోసం కర్నూలు వైపు నుంచి వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకున్న కుటుంబాల పిల్లలకు కూడా తలుపు తెరిచే ఉంటుంది. జనవరిలో వచ్చి మార్చి తర్వాత పోయే పిల్లలకు మన బళ్ళో పేరుండదు. ఇక్కడ హాజరుపట్టీ అడ్డం రాదు. వాళ్ళ ఆటలు మనవాళ్ళు నేర్చుకోవాలి, మన ఆటలు వాళ్ళు.

పుస్తకాల మాట. చాలా బళ్ళలో పిల్లల పుస్తకాలు ఉంటాయి, ఇనప బీరువాలో, తాళం వెనక. టీచర్ల తప్పని అనను. స్టాక్ రిజిస్టర్‌లో ఒక పుస్తకం తగ్గితే జవాబు చెప్పాల్సింది వాళ్ళే. అందుకే ఇక్కడ మన సొంత పుస్తకాలు పెడదాం, చిరిగినా అడిగేవాళ్ళు లేకుండా. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. దండెం కట్టి బట్టల క్లిప్పులతో తగిలిద్దాం. ఒకటో తరగతి బిడ్డకు కూడా అందే ఎత్తులో.

భద్రత విషయంలో నేను పట్టుదలగా ఉంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ప్రతి రోజూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్ళయి ఉండాలి. ఇద్దరూ రాని రోజు తలుపు తీయం. ఏ పెద్ద మనిషీ ఒక్క బిడ్డతో తలుపు వేసిన గదిలో ఉండకూడదు, నేనైనా సరే. పిల్లల సాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాస్తాం, అది ఎందుకో పిల్లలకు చెబుతాం. ఇప్పుడు అయిదున్నర దాటితే పొద్దు గుంకుతోంది. కాబట్టి ఇంటికి పంపేటప్పుడు వీధి వారీగా జట్లు కడతాం, హైస్కూలు పిల్ల ఒకరు ముందు, ఒకరు వెనక. తాళం వేసున్న ఇంటికి ఏ బిడ్డనూ పంపం. సాగర్ కాలువ వైపు ఇళ్ళున్నవాళ్ళు మాత్రం మీరే వచ్చి తీసుకెళ్ళాలి, ఎంత ఆలస్యమైనా మేము కూర్చుంటాం.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1940లో మద్రాసులో న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో పిల్లల కోసం 'బాల' పత్రిక మొదలుపెట్టారు. రేడియోలో పిల్లల చేత పాడించారు, మాట్లాడించారు. వాళ్ళను తెలుగు పిల్లలు మాస్టారనీ, టీచరమ్మ అనీ పిలవలేదు. రేడియో అన్నయ్య, అక్కయ్య అన్నారు. ఆ పిలుపు నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. మాస్టారు దగ్గర బిడ్డ జవాబు చెబుతుంది, అన్నయ్య దగ్గర కబురు చెబుతుంది. అందుకే ఇక్కడ పిల్లలతో ఉండే ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిల్ని, అబ్బాయిల్ని అక్క, అన్న అనే పిలవాలి. బడి టీచర్ల మీద ఈ భారం వేయొద్దు. భోజనం ఫొటోలు, హాజరు యాప్‌లు, వాళ్ళకు ఇప్పటికే ఊపిరి సలపడం లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు సాయంత్రం నాలుగుంబావుకు ఈ గ్రంథాలయం వరండాలో మొదలుపెడదాం. తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి గ్రంథపాలకుడి దగ్గర ఉంటాయి. డ్వాక్రా సంఘం అమ్మలు ఇద్దరు శెనగలు ఉడికించి ఇస్తామన్నారు. సోమ, మంగళ, బుధ, శుక్ర, శనివారాలకు ఇద్దరేసి కుదిరారు. గురువారానికి ఇంకా ఒకరే ఉన్నారు, మా ఇంటావిడ. సభ అయ్యాక నేను ఆ వేపచెట్టు కింద నోటుపుస్తకంతో కూర్చుంటాను. గురువారం రాగలిగినవాళ్ళు వచ్చి పేరు చెప్పండి.