సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: పాత డీజిల్ పికప్ మీద నాలుగు వస్తువుల పరీక్ష

నమస్కారం. ఈ వీడియోలో నేను నాలుగు వస్తువులను పరీక్షకు పెడుతున్నాను. ఒకటి, ఆరు వందల రూపాయలకు కొన్న డిజిటల్ మల్టీమీటరు. రెండు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకోవడానికి వాడే లెవెల్ పైపులో ఒక మీటరు ముక్క. మూడు, సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడానికి డీజిల్ ఇంజిన్ల కోసం అమ్మే కాంప్రెషన్ గేజి సెట్టు. నాలుగు, గాలి ఫిల్టరు దగ్గర కొట్టే స్టార్టింగ్ స్ప్రే. వీటిని బల్ల మీద పరచి చూపిస్తే మీకు ఒరిగేదేమీ ఉండదు కనుక, నిజంగానే స్టార్టు కాని ఒక బండి మీద వాడి, ఏది పనికివచ్చిందో, ఏది డబ్బు దండగో చెబుతాను.

బండి మా బావగారిది. మదనపల్లె మార్కెట్టుకు టమాటా క్రేట్లు తోలే డీజిల్ పికప్, వయసు ఇరవై ఏళ్లు దాటింది. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నాలుగు సిలిండర్లు, నాజిళ్లకు డీజిల్ తోసే రోటరీ పంపు, స్టార్టుకు ముందు సిలిండరును వేడిచేసే హీటర్ ప్లగ్గులు ఉండి, కంప్యూటరు అనేదే లేని పాత బండి ఏదైనా సరే, ఈ పరీక్షలు చాలా వరకు అలాగే వర్తిస్తాయి. జబ్బు ఇది: మధ్యాహ్నం ఆపి మళ్లీ తీస్తే తక్షణం అందుకుంటుంది, రాత్రంతా నిలబెట్టి తెల్లవారుజామున మూడు గంటలకు తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ పలకదు. ఒక మెకానిక్ పంపు విప్పాలన్నాడు, మరొకరు బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, అరిగిపోయిందన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే, కానీ ఇద్దరిలో ఎవరూ ఏదీ కొలవలేదు.

డీజిల్ ఇంజినుకు స్పార్కు ప్లగ్గు ఉండదన్న సంగతి మీకు తెలిసిందే. ఇటువంటి పాత ఇంజిన్లలో పిస్టను గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, అందులో నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి స్టార్టు కాని డీజిల్ బండిని అడగవలసిన ప్రశ్నలు మూడే: ఇంజిన్ తగినంత వేగంగా తిరుగుతోందా, డీజిల్ నాజిల్ దాకా చేరుతోందా, గాలి తగినంత వేడెక్కుతోందా? ఈ వరుసలోనే ఎందుకు అడగాలంటే, మొదటి ప్రశ్నకు జవాబు చౌక, మూడోదానికి ఖరీదు.

మల్టీమీటరుతో మొదలుపెడదాం. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది, అంటే బాగానే ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అదే చోట 10.2 చూపించింది, అదీ ఫరవాలేదు, 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీటరు అసలు పనితనం దీని తరువాతే తెలుస్తుంది. ఎర్ర తీగను ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు, నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ మొలకే ఆనించి, మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. అక్కడ దాదాపు సున్నా రావాలి, 0.2 వోల్టు దాకా క్షమించవచ్చు. వచ్చింది 0.9. దాదాపు ఒక వోల్టు ఎర్తు దారిలోనే ఆవిరైపోతోందన్నమాట.

కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఇది గేరుబాక్సు దగ్గరి ఎర్తు పట్టీ. పైకి బోల్టు బిగువుగానే ఉంది, పానా వేస్తే కదలదు. విప్పి లగ్గు వెనక్కి తిప్పితే మాత్రం, ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చని చిలుము, దాని కింద బురద కలిసిన గ్రీజు పొర కనిపిస్తాయి. గరుకు కాగితంతో రుద్ది బిగించిన తరువాత అదే కొలత 0.15కు దిగింది, సెల్ఫ్ గొంతు మారింది, ఇంజిన్ చురుగ్గా తిరగసాగింది. అయినా బండి అందుకోలేదు. ఇటువంటి పాత బండ్లలో ఒక్క లోపమే ఉంటుందని అనుకుని పనిలోకి దిగకూడదు.

మీటరులో నాకు నచ్చనివి రెండున్నాయి. అంకెలు సెకనుకు రెండు మూడు సార్లే మారతాయి కనుక, సెల్ఫ్ పట్టిన తొలి క్షణంలో వోల్టేజి ఎంత లోతుకు పడిందో ఇది పట్టుకోలేదు. ఇక దీని మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రంలో తీగ పెట్టి సెల్ఫ్ కరెంటు కొలుద్దామని పొరపాటున కూడా అనుకోవద్దు; సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, మీటరు మీ చేతిలోనే కాలిపోతుంది. హీటర్ ప్లగ్గులు చూడటానికి మాత్రం ఇది చాలు. పైనున్న పట్టీ విప్పి ఒక్కో ప్లగ్గునూ విడిగా కొలిస్తే మూడు ప్లగ్గులు ఒక ఓమ్ దరిదాపులో చూపించాయి, మూడో సిలిండరుది ఏమీ చూపించలేదు, అంటే లోపల తెగిపోయింది. కొలిచేముందు మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి, వచ్చిన అంకెను తీసివేయండి. చౌక తీగలకు సొంత నిరోధం ఉంటుంది. నాలుగింటిలో ఒక్క ప్లగ్గు పోతే ఇంజిన్ కాసేపు కుంటుతుంది గాని, మన చలికి బొత్తిగా మొండికేయదు. అందుకని దానిని పక్కన పెట్టాను.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పరీక్ష. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు వెనక సైలెన్సరు గొట్టం చూడాలి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళుతోంది, కాలడం లేదు. అప్పుడు వేడి గురించీ, డీజిల్ చిమ్మే టైమింగు గురించీ, కాంప్రెషన్ గురించీ ఆలోచించాలి. పొగ అనేదే లేకపోతే డీజిల్ చేరడం లేదు. మాకు పది సెకన్లు కొట్టినా పొగ జాడ లేదు. ఆ ఒక్క దృశ్యంతో బోరు మాట వెనక్కి వెళ్లిపోయింది. తాళం ఆన్ చేసి వదిలినప్పుడు పంపు మీది స్టాప్ సొలినాయిడ్ (డీజిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ వాల్వు) టిక్కుమని పలికింది, దాని తీగకు 12 వోల్టులు అందుతున్నాయి. కనుక డీజిల్‌ను ఆపుతున్నది అదీ కాదు. ఆ తరువాత ఫిల్టరు మీది హ్యాండ్ ప్రైమరును, అంటే చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపును, గట్టిపడేదాకా ముప్పై సార్లు నొక్కి సెల్ఫ్ కొడితే బండి అందుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రోటరీ పంపు లోపలే చిన్న రెక్కల పంపు ఉంటుంది. చాలా బండ్లలో ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకునేది అదే. ట్యాంకు కింద, పంపు పైన. మన పొలాల్లో బావి గట్టున మోటారు పెట్టి, ఫుట్‌వాల్వు సరిగా కూర్చోకపోతే ఏమవుతుందో రైతులను అడగండి: రాత్రికి రాత్రి పైపులో నీళ్లు దిగిపోతాయి, పొద్దున మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు, మళ్లీ బిందెతో పోసి నింపాలి. ఈ బండి జబ్బు కూడా అదే. పైగా ఇది పీల్చే వైపు లోపం కనుక డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి జొరబడుతుంది. నేల మీద తడి లేదు కాబట్టి లీకు లేదని మెకానిక్ ఒకరు అన్న మాట అందుకే నిలబడలేదు.

కంటికి కనిపించని ఆ గాలిని కంటికి చూపించేది ఈ లెవెల్ పైపు ముక్క. ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఉన్న నల్ల రబ్బరు పైపు తీసి, దాని స్థానంలో దీనిని కాస్త పైకి వంపు వచ్చేలా బిగించాను. రెండు జాగ్రత్తలు చెప్పాలి. పైపు లోపలి కొలత ముక్కుకు సరిపోవాలి, క్లిప్పులు గట్టిగా ఉండాలి. లేకపోతే పరీక్షించే పైపే గాలి పీల్చి అబద్ధం చెబుతుంది. బిగించిన వెంటనే కనిపించే బుడగలు మనం విప్పినప్పుడు చేరిన గాలివే కనుక, ప్రైమరు కొట్టి, ఇంజిన్ పది నిమిషాలు నడిపిన తరువాతే చూడాలి.

సాయంత్రం ఇంజిన్ ఆపేసరికి పైపు నిండా తేనె రంగు డీజిల్ ఉంది. మర్నాడు తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే వంపు దగ్గర జానెడు మేర ఖాళీ. ప్రైమరు కొట్టి స్టార్టు చేశాక, మామూలు వేగంలో తిరుగుతుండగా, ఆవగింజల్లాంటి బుడగలు బారులు తీరి పంపులోకి పోతున్నాయి. పైపును ఫిల్టరుకు ముందు, ట్యాంకు వైపున బిగించి చూస్తే ఒక్క బుడగ లేదు. అంటే ట్యాంకు, కింది ఇనుప గొట్టం, వాటి జాయింట్లు అన్నీ నిర్దోషులే. గాలి చొరబడుతున్నది ఫిల్టరు తలలోనే.

నాకు ఈ మొత్తం వీడియోలో అన్నిటికంటే తృప్తినిచ్చిన ఘట్టం ఇదే. పైపును మళ్లీ పంపు వైపు బిగించి, ఇంజిన్ నడుస్తుండగా ఫిల్టరు తల మీది జాయింట్లకు ఒక్కొక్కదానికే వేలితో చిక్కని గ్రీజు పూస్తూ పైపు వంక చూశాను. పైపును ఫిల్టరు తలకు పట్టి ఉంచే బాంజో బోల్టుకు పూసినా మార్పు లేదు, ఫిల్టరు అంచుకు పూసినా మార్పు లేదు. హ్యాండ్ ప్రైమరు అంచు చుట్టూ పూయగానే బుడగల బారు తెగింది. అర నిమిషం తరువాత గ్రీజు లోపలికి లాక్కుపోయింది, బుడగలు మళ్లీ మొదలయ్యాయి. ప్రైమరు విప్పితే దాని రబ్బరు రింగు గోటితో గిల్లగానే ముక్కలై రాలింది. డీజిల్ మారడమే దీనికి కారణమా అన్న అనుమానం రావచ్చు: అమెరికాలో 1993లో డీజిల్‌లో గంధకం తగ్గించినప్పుడు కొన్ని పాత బండ్ల పంపు సీళ్లు కారడం మొదలైంది, మన దేశంలోనూ 2020 ఏప్రిల్ 1 నుంచి గంధకం 10 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో పదికి) తగ్గింది. అయితే ఇంజిన్ వేడి పక్కన ఇరవై ఏళ్లు కూర్చున్న రబ్బరు పగలడానికి అంత పెద్ద కారణం వెతకనక్కర లేదు. ప్రైమరు కొత్తది వేశాము.

లెవెల్ పైపుకు నా దగ్గర ఒక్కటే ఫిర్యాదు ఉంది: డీజిల్‌లో ఇది కొద్ది రోజులకే గట్టిపడి పగుళ్లిస్తుంది. పరీక్ష ముగియగానే తీసి, డీజిల్ కోసం తయారైన రబ్బరు పైపే బిగించండి. పారదర్శకంగా ఉంటే ఎప్పుడూ చూసుకోవచ్చు కదా అని అలాగే వదిలేస్తే, వేడి ఇంజిన్ మీద డీజిల్ చిమ్మే రోజు వస్తుంది.

కాంప్రెషన్ గేజి సంగతి త్వరగా చెప్పేస్తాను. దీనిని హీటర్ ప్లగ్గు రంధ్రంలో బిగించాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, స్టాప్ సొలినాయిడ్ తీగ తీసేయాలి. సెట్టులో ఉన్న అడాప్టర్లలో ఒక్కటీ ఈ ఇంజిన్ మరకు సరిపోలేదు. పెట్రోలు బండ్ల గేజి వాడదామంటే అది సాధారణంగా 300 పీఎస్‌ఐతో ఆగిపోతుంది, ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్ దానిని సునాయాసంగా దాటుతుంది. బండి యజమాని దీనిని కొనవలసిన పని లేదు, అవసరం పడితే వర్క్‌షాపులో చూపించుకోవడం మేలు. డీజిల్ చేరుతోందని తేలేదాకా ఆ అవసరం కూడా రాదు.

స్టార్టింగ్ స్ప్రే డబ్బా మూత నేను తీయలేదు, తీయను. హీటర్ ప్లగ్గులు ఎర్రగా కాగి ఉన్న ఇంజిన్‌లోకి ఈ స్ప్రేలోని ఈథరు పంపితే అది తన ఇష్టం వచ్చిన సమయంలో పేలుతుంది. పిస్టను రింగులు విరుగుతాయి, కొన్నిసార్లు మంట గాలి గొట్టం గుండా మీ ముఖం మీదికే వస్తుంది. స్ప్రేతో అందుకున్న బండికి అసలు జబ్బు ఏమిటో తెలియదు కూడా.

గాలి తీయడం గురించి ఒక హెచ్చరిక. ప్రైమరు మార్చాక నాజిల్ నట్లను అర చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ ఊరగానే బిగించాను. ఆ పని చేసేటప్పుడు గుడ్డ కప్పి ముఖం దూరంగా పెట్టండి. నాజిల్ విడుదల చేసే ఒత్తిడి 100 బార్లకు పైనే ఉంటుంది, ఆ ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుపోతుంది, చేతి తొడుగు అడ్డం కాదు. ధార తగిలితే చిన్న చుక్కే కదా అని ఇంటికి వెళ్లకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ ఉదయం తీసిన దృశ్యం ఇది. సమయం మూడూ పది, బండి రాత్రంతా మంచులోనే ఉంది. పైపులో ఖాళీ లేదు. హీటరు దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పాను, సెల్ఫ్ రెండు చుట్లు తిప్పేలోపే అందుకుంది. వెనక తెల్లటి పొగ, ఇంజిన్‌లో కొద్దిపాటి కుంటుడు వినిపిస్తున్నాయి కదా, అది మూడో సిలిండరు. అర నిమిషంలో సర్దుకుంది. ఆ ప్లగ్గు ఏళ్ల తరబడి మసితో బిగుసుకుపోయి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు బలవంతం చేస్తే హెడ్డులోనే విరుగుతుంది. అందుకని మార్కెట్టు నుంచి తిరిగి వచ్చాక, ఇంజిన్ వేడి మీద ఉండగానే, మర దగ్గర నూనె వేసి, నెమ్మదిగా విప్పుతాను.