బరంపురానికి సదస్సును పిలిచే ముందు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల పాటల పోటీ ముగిసిన తరువాత కూడా కుర్చీలు వదలని సభ్యులకు నమస్కారం. కార్యదర్శిగారు నన్ను మాతృభాష గురించి మాట్లాడమన్నారు. మాతృభాష గొప్పతనాన్ని ఈ వేదిక మీద ఏటా వింటూనే ఉన్నాము కనుక, వారి అనుమతితో, భాషా సాంకేతికతపై, అంటే కంప్యూటరుతో మన భాషలను చదివించే, రాయించే పద్ధతులపై జరిగే ఒక జాతీయ సదస్సుకు ఒడిశాలోని మన బరంపురం ఆతిథ్యమిస్తుందంటూ మేము కొందరం తయారుచేస్తున్న ప్రతిపాదన గురించి మాట్లాడతాను. అందులో మీతో పని ఉంది.

ఇటువంటి సదస్సులు ఒకచోట స్థిరంగా జరగవు. నిర్వహించే సంఘం చాలా ముందుగా ప్రతిపాదనలు కోరి, పోటీపడిన ఊళ్లలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు 2011లో హైదరాబాదుకు వచ్చింది. భాషాశాస్త్రాన్నీ కంప్యూటరునూ కలిపే కోలింగ్ సదస్సు 2012లో ముంబయిలో జరిగింది. మనం అడుగుతున్నది అంతటిది కాదు. మూడు నాలుగు వందల మంది, మూడు రోజులు, ఒక పెద్ద హాలు, మూడు చిన్న గదులు. అయినా వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం అవే.

మా కుర్రవాళ్లు రాసిన మొదటి చిత్తుప్రతి గోపాల్‌పూర్ సముద్రతీరంతో మొదలై, పట్టుచీరల మీదుగా, వి.వి.గిరిగారి జన్మస్థలం దాకా సాగింది. గిరిగారు 1894లో ఈ ఊళ్లో పుట్టడం మనకు గర్వకారణమే కాని, ఆ కారణంగా ఎవరూ తమ పరిశోధన పత్రాన్ని ఇక్కడికి పంపరు. ఈ సదస్సు ఈ ఊళ్లోనే ఎందుకు జరగాలన్నది ఎంపిక సంఘం వేసే ప్రశ్న. దానికి మన దగ్గరున్నంత గట్టి జవాబు ఏ మహానగరం దగ్గరా లేదని నా నమ్మకం.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి పంతులుగారు కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషపై వారి గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఈ మధ్యలో, 1936లో, ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరింది. అదే ఏడాది మంగేయి గొమాంగో సవరకు సొరాంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టే ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లో ఆ లిపికి చోటు దొరికింది 2012లో. ఇప్పటి పరిస్థితి ఏమిటంటే, సరిహద్దుకు అటు తెలుగు లిపిలోను, ఇటు ఒడియా లిపిలోను, కొందరి చేతిలో రోమన్ లిపిలోను, మరికొందరి చేతిలో ఈ సొంత లిపిలోను రాస్తున్న ఒకే భాష మన కొండల మీద ఉంది, ఒక లిపిలో వెతికితే మిగిలిన మూడింటిలో ఉన్నది కంప్యూటరుకు కనబడదు. మన సంగతీ చూడండి. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేరువేరు అక్షరాలు లేవు. ఒ, ఓలకూ అంతే. ఒడియాలో నమోదైన మన ఇంటిపేర్లు యంత్రం ద్వారా తిరిగి తెలుగులోకి వచ్చేసరికి పెద్దింటివారు పేద్దింటివారవుతారు, కొత్తవారు కోత్తవారవుతారు. పేరు దిద్దించుకోవడానికి ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగినవారు ఈ హాల్లోనే ఉన్నారు. వారిలో ఇద్దరు ముందు వరుసలో నవ్వుతున్నారు కూడా. ఈ చిక్కులన్నీ ఒక్కచోట దొరికే జిల్లాలు మనవి కనుక, పరిశోధకులను ఇక్కడికి రమ్మనడానికి మనం మొహమాటపడనక్కరలేదు.

ఇక నా మనసులో ఉన్న బాధ. గతంలో పంపిన ప్రతిపాదన ఎందుకు వెనక్కి వచ్చిందో మీలో చాలామందికి సగమే తెలుసు. ఊరు చిన్నదని కాదు, విమానాశ్రయం భువనేశ్వర్‌లో ఉందనీ కాదు. సదస్సులో నష్టం వస్తే తామే భరిస్తామని ఒక సంస్థవారు మాట ఇచ్చారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. లేఖ నమూనా మేమే రాసి ఇచ్చాము. అది వారి కార్యాలయంలో ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి నడిచి నడిచి, గడువు ముంచుకొచ్చిన సాయంత్రం మా చేతికి అందింది. లెటర్‌హెడ్ ఉంది, గుండ్రటి ముద్ర ఉంది, సంతకం ఉంది, సంపూర్ణ సహకారం అందించగలమన్న మాట ఉంది. లోటు ఏర్పడితే సంస్థ భరిస్తుందన్న వాక్యం మాత్రం లేదు, అది ఉండవలసిన చోట కింది పేరా నిశ్శబ్దంగా పైకి జరిగి కూర్చుంది. అడిగితే, ఆడిట్‌వారు అభ్యంతరం చెబుతారన్నారు. అభ్యంతరం చెప్పవచ్చు, ముందే చెప్పి ఉంటే మరొకరిని వెతుక్కునేవాళ్లం. ఎంపిక సంఘం ఆ లేఖలో వెతికింది ఆ ఒక్క వాక్యాన్నే.

జనం వస్తే నష్టం ఎందుకొస్తుందండీ అనేవారి కోసం ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతాను. ఎవరు వచ్చినా రాకపోయినా తప్పని ఖర్చు 12 లక్షల రూపాయలు అనుకోండి. భోజనాలు, సంచీ, విందు కలిపి మనిషికి 3,000, రుసుము 7,000. మనిషికి 4,000 మిగులుతుంది కనుక 300 మంది వస్తే ఖర్చుకు సరిపోతుంది. విద్యార్థులకు రుసుము సగం చేశామా, ఒక్కొక్కరి మీద మిగిలేది 500 మాత్రమే. 200 మంది విద్యార్థులు వచ్చినా తేలేది లక్ష. మిగతా 11 లక్షలకు పూర్తి రుసుము కట్టేవారు 275 మంది కావాలి. మనవంటి ఊళ్లో విద్యార్థులే ఎక్కువగా వస్తారు, రావాలి కూడా. హాలు కిటకిటలాడినా ఖాతాలో లోటు మిగలవచ్చునన్నమాట. రుసుములో జీఎస్టీ కలిసి ఉందో లేదో మొదటి పేజీలోనే తేల్చాలి. దాతలు ఇస్తామన్న సొమ్మును చేతికందే వరకు ఆదాయం కింద చూపకూడదని నేను పట్టుబడుతున్నాను. కొందరు మిత్రులకు కోపం వచ్చింది, రానివ్వండి.

తేదీల విషయంలో ఎక్కువ చర్చ అక్కరలేదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. దసరా సెలవులు కలిసొస్తాయని చిత్తుప్రతిలో అక్టోబరు రాసినవారు ఈ మూడు తేదీలనూ గోడ మీద అతికించుకోవాలి. రెండేళ్లకొకసారి జరిగే మన అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో ఊళ్లో కాలు పెట్టడానికే చోటుండదు. జనవరి మేలు. విదేశీ ప్రతినిధులకు కాన్ఫరెన్స్ వీసా, దానికోసం కేంద్ర ప్రభుత్వ అనుమతులు కావాలి కనుక ఆ అర్జీలు ముందే కదలాలి.

ఇంటర్నెట్ గురించి ఒక్క మాట. ఖాళీ హాల్లో ఒక ఫోన్‌తో వేగం కొలిచి చూపితే అందరికీ ఆనందమే. 300 మంది ఫోనూ ల్యాప్‌టాపూ తెరిచి కూర్చున్నప్పుడు బయటి లైను కన్నా ముందు చేతులెత్తేసేది గోడ మీది వైఫై పెట్టె, ఎందుకంటే దాని పరిధిలోని పరికరాలన్నీ ఒకే మార్గాన్ని వంతులవారీగా పంచుకోవాలి. కరెంటు పోతే జనరేటరు కొన్ని సెకన్లలో అందుకుంటుంది, దీపాలు వెలుగుతాయి, సభ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కాసేపటికి ఆగిన నెట్‌వర్క్ స్విచ్చు, అంటే బయటి లైనును వైఫై పెట్టెలకు పంచే పరికరం మాత్రం తిరిగి లేవడానికి నిమిషాలు తీసుకుంటుంది. కాబట్టి ప్రొజెక్టరు కన్నా ముందు, మెట్ల కింద దుమ్ముపట్టి ఉన్న ఆ స్విచ్చుకు యూపీఎస్ పెట్టాలి.

మళ్లీ ఆ లేఖ దగ్గరికే వస్తున్నాను, ఏమనుకోకండి. ఈసారి ఒకే సంస్థ మీద ఆధారపడవద్దని నా ప్రార్థన. ఈ హాల్లో వస్త్రవ్యాపారులున్నారు, డాక్టర్లున్నారు, పదవీ విరమణ చేసిన ఇంజనీర్లున్నారు. పదిమంది తలా 50,000కు హామీ సంతకం చేస్తే ఐదు లక్షల లోటుకు దన్ను దొరుకుతుంది. ఇది చందా కాదు; లోటు రాకపోతే మీ రూపాయి మీ దగ్గరే ఉంటుంది. లాడ్జీ యజమానులు గదుల సంఖ్య, అద్దె, ఏ తేదీ దాకా రద్దు చేసుకోవచ్చో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి. ఫోనులో చెప్పిన మాట ప్రతిపాదనకు పనికిరాదు. నమూనాలు తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నాయి. వాటిలో ఏ వాక్యమైనా నచ్చకపోతే ఇప్పుడే, నా ఎదుటే కొట్టేయండి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే హాల్లో వైఫై పరీక్ష పెడుతున్నాము. హాలు నిండితేనే ఆ పరీక్షకు అర్థం. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పట్టుకుని, పిల్లలతో సహా రండి. ఫలహారం ఏర్పాటు ఉంది.