తుంటికి, మోకాలికి ఏ ఆపరేషన్ ఎప్పుడు?

అందరికీ నమస్కారం. 'గుజ్జు అరిగిపోయింది, మోకాళ్లు మార్చాల్సిందే' అన్న మాట విని టెన్షన్ పడుతున్నవారు మీలో చాలామందే ఉంటారు. మార్చడం ఒక్కటే దారి కాదు. అరుగుదల ఎక్కడుంది, ఎంతుంది, మీ వయసెంత అన్నదాన్ని బట్టి ఆపరేషన్ మారుతుంది. అందుకే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే అడుగుతాం. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య ఖాళీ ఉన్నట్టే కనిపించవచ్చు. ఒంటి బరువు పడితేనే అసలు సంగతి బయటపడుతుంది.

మనవాళ్లలో కాళ్లు దొడ్డిగా వంగి, మోకాలి లోపలి వైపే ముందు అరగడం ఎక్కువ. ఇంకా కష్టపడి పనిచేసే వయసైతే, మోకాలి కింది ఎముకను కోసి, వంకర సరిచేసి ప్లేటు వేస్తాం. బరువు బాగున్న వైపుకి మళ్లుతుంది, సొంత కీలు మిగులుతుంది. ఒక వైపే అరిగి, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు గట్టిగా ఉన్న పెద్దవారికి ఆ సగమే మార్చవచ్చు. మొత్తం అరిగితేనే పూర్తి మార్పిడి. అందులోనూ ఎముకంతా తీసేయం. అరిగిన చివర్లను సెంటీమీటరు మందాన చెక్కి, లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో పాలీఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక పెడతాం. ఆపరేషన్‌లో రోబో వాడితే, అది ఎముక కోత కచ్చితంగా రావడానికి పనికొస్తుంది. ఎవరికి ఏ ఆపరేషన్ అన్నది తేల్చాల్సింది డాక్టరే.

నా బెంగంతా తుంటి గురించే. ముప్పై, నలభై ఏళ్లవాళ్లు కుంటుతూ వస్తున్నారు. స్టెరాయిడ్లు, మద్యం వంటి కారణాలతో తుంటి బంతికి, అంటే తొడ ఎముక పైనున్న గుండ్రటి కొనకి, రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది. దాన్నే ఏవీఎన్ అంటాం. నొప్పి గజ్జల్లో మొదలవుతుంది, ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుంది. నడుం నొప్పనుకుని మాత్రలతో నెలలు గడిపేస్తారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎంఆర్ఐలోనే దొరుకుతుంది. అప్పుడే వస్తే బంతిలోకి రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్‌తో సొంత కీలు నిలిచే అవకాశముంది. బంతి కుంగి, కీలు అరిగాక చాలామందికి మార్పిడే దారి. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ లోహపు బంతికి గట్టి ప్లాస్టిక్ గిన్నె జతచేసిన పద్ధతే నేటి తుంటి మార్పిడికి పునాది.

మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ, రకం, ధర విడిగా రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

మోకాలి మార్పిడి తర్వాత చాలామందిని మరునాటికే నడిపిస్తాం. కానీ కాలు ఎంత వంగుతుంది, ఎంత చాపగలరు అన్నది మొదటి వారాల వ్యాయామంలోనే తేలుతుంది. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకోకండి, కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. ఆ దిండు మడమ కింద పెట్టుకోండి.