గదిలో టీ కాచుకుంటే తప్పా?

నమస్కారమండీ. ఏ లోటూ లేని సమాజం వస్తే బావుండునని మనమంతా ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నవాళ్ళమే. సరే, వచ్చిందే అనుకుందాం, అందులో మీరు ఉండగలరా? నా వల్ల కాదేమోనండీ, ఆ అనుమానం పుట్టించింది ఒక టీ కెటిల్.

ఇజ్రాయెల్‌లో కిబుట్జ్ అని ఉమ్మడి పల్లెలున్నాయి. మొదటిది డెగానియా. 1910లో గలిలయ సముద్రం దగ్గర పదిమంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి మొదలుపెట్టారు. ఆ నేల ఎవరిదన్న గొడవ వేరే ఉంది, అది ఈ కాసేపట్లో తెమిలేది కాదు. అప్పట్లో అక్కడ సొంత ఆస్తి లేదు, జీతం లేదు, చేతనైనంత పని చెయ్యాలి, కావలసినంత తీసుకోవాలి, వంటా తిండీ అందరికీ ఒక్కచోటే. తొలిరోజుల్లో కొన్ని పల్లెల్లో బట్టలు కూడా ఉమ్మడే, అంటే ఉతుక్కి వేసిన చొక్కా మళ్ళీ మనకే వస్తుందన్న గ్యారంటీ లేదు, ఒంటికి పట్టేది ఏదో ఒకటి ఇస్తారు.

ఇంత పెద్ద ఏర్పాటూ ఎక్కడ తడబడిందో తెలుసా? గదిలో కెటిల్ పెట్టుకోవచ్చా లేదా అన్న దగ్గర! నవ్వకండి, దాని మీద నిజంగానే వాదనలు జరిగాయి. ఎవరి టీ వాళ్ళు గదిలోనే తాగేస్తే ఇక భోజనశాలకి ఎవరొస్తారని పెద్దల భయం, అందులో న్యాయం లేకపోలేదు.

పిల్లల సంగతి ఇంకా కష్టం. చాలా కిబుట్జ్‌లలో పిల్లలు సాయంత్రం కాసేపు అమ్మానాన్నల దగ్గర గడిపి, పడుకోవడానికి ఊరి పిల్లలందరికీ ఉమ్మడిగా ఉండే పిల్లల ఇంటికి వెళ్ళిపోవాల్సి వచ్చేది. రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేది కాపలా మనిషి. ఆడవాళ్ళు ఇంటిచాకిరీకే అంకితమైపోకూడదని మంచి మనసుతో పెట్టిన పద్ధతే అది, తీరా చూస్తే ఆ పిల్లల ఇళ్ళలో, వంటశాలలో, ఉతికేచోట పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. చివరికి తల్లులే మా బిడ్డలు మా దగ్గరే పడుకోవాలని పట్టుబట్టారు, 1990లలో ఆ పద్ధతి పోయింది. 2007లో డెగానియా కూడా ఎవరి జీతం వాళ్ళకే అని తీర్మానించుకుంది, కాకపోతే లేనివాళ్ళ కోసం అందరూ కొంత కట్టాలి. ఆ ముక్క మాత్రం నాకు భలే నచ్చింది.

మా హాస్టల్లోనూ రూములో హీటర్ కాయిల్ పెట్టకూడదని రూలుండేది. మెస్‌లో అంతకన్నా మంచి టీయే పోసేవాళ్ళు. అయినా గడియ పెట్టుకుని, స్టీలు చెంబులో కాయిల్ ముంచి, పాలపొడి కలిపి, వార్డెన్ చెప్పుల చప్పుడుకి చెవులు రిక్కించి నలుగురం తాగిన ఆ నీళ్ళ టీ ఉంది చూశారూ, దాని రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది.