మాత్ర చేతికి అందేదాకా

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో డాక్టర్లు, నర్సులు, నాలాంటి ఫార్మసిస్టులు చాలామందే ఉన్నారు. మనం పనిచేస్తున్న, అమెరికాలోని ఈ జార్జియా, పక్కనున్న అలబామా, కరోలినాలు, ఇంకా కొన్ని దక్షిణాది రాష్ట్రాలు కలిపితే ‘స్ట్రోక్ బెల్ట్’, అంటే స్ట్రోక్ (పక్షవాతం) మిగతా చోట్లకంటే ఎక్కువగా వచ్చే ప్రాంతం. దేశంలో ఏటా సుమారు 7,95,000 స్ట్రోకులు వస్తే, అందులో దాదాపు నాలుగో వంతు ఇంతకుముందు ఒకసారి వచ్చినవాళ్లకే వస్తున్నాయి. నల్లజాతివాళ్లకు మొదటి స్ట్రోక్ ముప్పు తెల్లవాళ్లకంటే దాదాపు రెట్టింపు.

రెండోసారి రాకుండా కాపాడే మందులు లేవా అంటే, ఉన్నాయి. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, గుండె లయ తప్పినవాళ్లకు అదే పని చేసే అపిక్సబాన్. వీటిని మానకుండా వాడేవాళ్ల లెక్క తీస్తే మాత్రం నల్లజాతి వృద్ధులు వెనకబడి ఉన్నారని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ లెక్క సాధారణంగా ఫార్మసీ రికార్డుల నుంచి తీస్తారు. ఎన్ని రోజులకు సరిపడా మందు కొన్నారో చూసి, 80 శాతం రోజులు దాటితే వాడుతున్నట్టు, తగ్గితే వాడనట్టు. ఎందుకు కొనలేదో అందులో ఉండదు. ఆ ఖాళీని మనం నింపేస్తాం. ‘వాళ్లకి ఆరోగ్యం మీద శ్రద్ధ ఉండదండీ’ అన్న మాట మనవాళ్ల నోటే విన్నాను. చాలా బాధేసింది, ఎందుకంటే అది నిజం కాదు.

2003లో మొదలైన, స్ట్రోక్‌లో జాతి తేడాలను చూసే ‘రిగార్డ్స్’ అధ్యయనం 30 వేలమందికి పైగా నల్లవాళ్లను, తెల్లవాళ్లను పరిశీలించింది. తమకు బీపీ ఉందని తెలిసినవాళ్లు, మందు వాడుతున్నవాళ్లు నల్లజాతివాళ్లలోనే ఎక్కువని తేలింది. అయినా బీపీ అదుపులో ఉన్నవాళ్లు వాళ్లలో తక్కువ. శ్రద్ధ లేనివాళ్ల లెక్క ఇలా ఉంటుందా?

డెబ్బై దాటిన ఒక నల్లజాతి పెద్దావిడ నా ముందు సంచీలోంచి సీసాలన్నీ తీసి టేబుల్ మీద పెట్టింది. అపిక్సబాన్ సీసాలో ఉండాల్సినదానికంటే మాత్రలు ఎక్కువున్నాయి. రోజుకు రెండు వేసుకోవాల్సింది ఒకటే వేసుకుంటోంది, నెల మందు రెండు నెలలు వస్తుందని. ఆ మందు ఎక్కువసేపు ఒంట్లో నిలవదు, అందుకే రెండు పూటలా వేసుకోమంటాం. ఇంకోటి, స్ట్రోక్‌కి ఆవిడ కుడిచెయ్యి పట్టు తప్పింది. పిల్లలు తీయకుండా పెట్టే, నొక్కి తిప్పాల్సిన సీసా మూత తీయలేక, మనవడు వచ్చినప్పుడు తీయించుకునేది. అడిగితే మామూలు మూత పెట్టిస్తారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అపిక్సబాన్ నెలకు 2023లో కంపెనీ పెట్టిన ధర 521 డాలర్లు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ బేరమాడాక 2026 నుంచి 231. మెడికేర్‌లో పేషెంట్ మందుల మీద ఏడాదికి పెట్టే ఖర్చుకు పరిమితి వచ్చింది 2025లోనే, ఆ ఏడాది అది 2,000 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) చెక్కు మీదే బతికే మనిషికి అదీ చిన్న మొత్తం కాదు. ధర అడ్డు తీసేస్తే ఏమవుతుందో 2011లో ఒక పరీక్ష చూపించింది. అది గుండెపోటు వచ్చినవాళ్ల మీద చేసింది, స్ట్రోక్ మీద కాదు. మందులు ఉచితంగా ఇస్తే వాడకం 4 నుంచి 6 శాతం పాయింట్లు పెరిగింది. తర్వాత జాతులవారీగా చూస్తే, తెల్లవాళ్లు కానివారిలో పెద్ద గుండె, రక్తనాళాల సమస్యలు, మళ్లీ చేయాల్సిన స్టెంట్లు, బైపాస్‌లు కలిపి 35 శాతం తగ్గాయి.

ఇక నమ్మకం సంగతి. అలబామాలోని టస్కీగీ ఊరు మనకు కారులో కొన్ని గంటల దూరం. అక్కడ 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వమే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది పాత చరిత్ర అనకండి. ఇవాళ 75 ఏళ్లున్న మనిషికి ఆ వార్త బయటపడేసరికి ఇరవై దాటాయి.

ఆ నమ్మకం తిరిగి రాదా? వస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ రోనాల్డ్ విక్టర్ బృందం ఫార్మసిస్టులను నల్లజాతివాళ్ల మంగలి షాపులకే పంపింది. పోల్చి చూడ్డానికి పెట్టిన షాపులతో కలిపి 52 షాపులు, 319 మంది. ఫార్మసిస్టులు షాపులోనే బీపీ చూసి మందు సర్దారు. వాళ్లు వెళ్లిన షాపుల్లో ఆరు నెలల్లో 63 శాతానికి పైగా మందికి బీపీ 130/80 లోపుకు వచ్చింది, మంగలి సలహా మాత్రమే ఇచ్చిన షాపుల్లో సుమారు 12 శాతమే. మనుషులు మారలేదు, మందు అందే దారి మారింది.

కాబట్టి డాక్టర్లకు నా మనవి. డిశ్చార్జ్ రోజున ప్రిస్క్రిప్షన్ పంపేసి ఊరుకోకండి. మందు పేషెంట్ మంచం దగ్గరికే తెప్పించే ఏర్పాటు మీ ఆసుపత్రిలో ఉందేమో కనుక్కోండి. మూడు నెలల మందు ఒకేసారి రాయండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు మెడికేర్‌లో మందుల ఖర్చు తగ్గించే ‘ఎక్స్‌ట్రా హెల్ప్’ దరఖాస్తు గురించి సోషల్ వర్కర్‌తో చెప్పించండి. వారం తిరక్కుండా ఫోన్ చేసి, ‘మాత్రలు వేసుకుంటున్నారా’ అని కాదు, ‘ఏ మందు కొనడం కష్టమైంది’ అని అడగండి. జవాబు విన్నాక మాలాంటి ఫార్మసిస్టుకు ఒక్క కాల్ చేయండి, మేము చూసుకుంటాం.