ముసాయిదా మీద రాసే కాగితం ఎలా ఉండాలి? – ఫోన్-ఇన్, విశాఖపట్నం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇరవై ఏళ్ళకు సరిపడా ప్రాంతీయ రవాణా ప్రణాళిక రాసేటప్పుడు ముసాయిదా బయటపెట్టి, అభ్యంతరాలు, సూచనలు ఇమ్మని జనాన్ని అడుగుతారు. ఇచ్చిన కాగితం ఎక్కడికి పోతుంది, పనికొచ్చేలా ఎలా రాయాలి అన్నది ఇవాళ మాట్లాడుకుందాం. రవాణా ప్రణాళికల్లో పనిచేసే ఇంజనీరు మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను గాజువాక నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండి. ఇలాంటి మీటింగొకదానికి వెళ్ళి మైకు పట్టుకుని ఐదు నిమిషాలు గట్టిగానే మాట్లాడానండి. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాతొచ్చిన రిపోర్టులో నా మాట ఒక్కటీ లేదు. వెళ్ళడం దండగేనా?

నిపుణురాలు: వెళ్ళండి సార్. కాకపోతే చప్పట్లు మినిట్స్‌లోకి, అంటే మీటింగులో జరిగింది రాసే నివేదికలోకి ఎక్కవు. మీరు ఐదు నిమిషాలు చెప్పింది "గాజువాకలో రద్దీ ఎక్కువని ఒకరు తెలిపారు" అని ఒక్క వరసలో తేలిపోతుంది. దానికి జవాబు "పరిశీలించబడును". అందుకే కాగితం రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్వార్డు నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు), తేదీ, స్టాంపు వేయించుకోండి. వెళ్ళలేకపోతే గడువులోగా చేరేలా స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.

వ్యాఖ్యాత: కాగితంలో ఏం రాయాలి మేడమ్?

నిపుణురాలు: ఒక కాగితానికి ఒకటే విషయం. లోపల ఆఫీసులో వీటిని ఒక పట్టికలోకి ఎక్కిస్తారు: వరుస సంఖ్య, పేరు, ఊరు, విషయం, నిర్ణయం. ఐదు విషయాలు కలిపి రాస్తే మొదటిది పట్టికలోకి వెళ్తుంది, మిగతా నాలుగూ గాల్లో కలుస్తాయి. ఇక రాసే తీరు. ముసాయిదాలో ఏ పేజీ, ఏ పటం. నేల మీద ఏ చోటు. అక్కడ ఏ వేళకి ఏం జరుగుతోంది. ఏ వాక్యాన్ని ఎలా మార్చాలి. ఉదాహరణకి చెప్తున్నాను, "ఫలానా పట్టికలో గాజువాక జంక్షన్‌లో బండ్ల లెక్క ఉదయం 8 నుంచి 11 వరకే తీశారు. స్టీల్‌ప్లాంటు షిఫ్టులు మారే వేళల్లో కూడా లెక్కించి పట్టిక సరిదిద్దాలి" అని రాశారనుకోండి, దాన్ని "పరిశీలించబడును" అని దాటేయడం కష్టం. అవునో కాదో రాయాల్సి వస్తుంది.

కాలర్: అపార్టుమెంటు వాళ్ళం అందరం ఒకే లెటరు మీద సంతకాలు పెడితే?

నిపుణురాలు: మూడొందల సంతకాలున్నా పట్టికలో అది ఒక్క వరసే సార్. దానికన్నా పది మంది పది రకాల ఆధారాలతో విడివిడిగా రాస్తే బరువెక్కువ.

వ్యాఖ్యాత: తర్వాత పెద జాలరిపేట నుంచి. చెప్పమ్మా.

కాలర్: అమ్మా, మేం తెల్లారగట్ల మూడున్నరకి హార్బరుకెల్తాం. చేపల సరుకు ఏసుకుని నలుగురం ఒక ఆటో మాటాడుకుని ఎంవీపీ కాలనీ, ఇసుకతోట అలా తిరుగుతాం. ఇంటికొచ్చేసరికి పన్నెండు. సర్వే అని మా ఈదిలోకొచ్చినోళ్ళు మా ఆయన్నడిగి రాసుకెల్లిపోయారు. ఆయనేమో "మా ఇంట్లో ఆడోళ్ళు ఉద్యోగాలకెల్లరు" అన్నాడంట. మరి మా తిరుగుడు లెక్కలోకి రాదా?

నిపుణురాలు: సరిగ్గా అక్కడే పోతుందమ్మా. ఇంటింటి సర్వేలో ప్రతి మనిషీ నిన్న ఎక్కడెక్కడికి వెళ్ళారో విడివిడిగా అడగాలి. ఒకరినడిగి అందరివీ రాసేస్తే ముందు ఎగిరిపోయేది ఆడవాళ్ళ ప్రయాణాలే. మీది ఒక ప్రయాణం కూడా కాదు. ఇంటి నుంచి హార్బరు, హార్బరు నుంచి ఎంవీపీ, అక్కడి నుంచి ఇసుకతోట, మళ్ళీ ఇల్లు. నాలుగు. లెక్కలో నాలుగు సున్నాలైతే, తెల్లవారుజామున బస్సు అక్కర్లేదని కంప్యూటరే చెప్పేస్తుంది.

కాలర్: మరేటి సెయ్యాల?

నిపుణురాలు: ఒక నోటు పుస్తకం పెట్టండి. వారం రోజులు రాయండి, లేదా బడికెళ్ళే పిల్లలెవరి చేతనైనా రాయించండి. ఎన్నింటికి బయల్దేరారు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఆటోకి ఎంతిచ్చారు, ఎన్ని గంపలు, ఎంతమంది. పది మంది పుస్తకాలు జిరాక్స్ తీసి ఒక్కో కాగితానికి జతచేసి ఇవ్వండి. వేలిముద్ర వేసినా చెల్లుతుంది, పక్కన సాక్షి సంతకం ఉంటే మంచిది. అడగాల్సింది ఒక్కటే: "తెల్లవారుజాము 3 నుంచి 6 వరకు హార్బరు గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టాలి." ఇంకో మాట, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణానికి జీరో టికెట్టు కొడుతున్నారు కదా, అందులో ఎక్కేచోటు, దిగేచోటు నమోదవుతాయి. అంతకుముందు తీసిన లెక్కలే ముసాయిదాలో ఉంటే, కొత్తవి కలపమని అడగొచ్చు.

వ్యాఖ్యాత: గోపాలపట్నం నుంచి ఇంకొకరు.

కాలర్: పటంలో ఎర్రగీత సరిగ్గా మా ఇంటి మీదుగా పోతోందండి. ఇల్లు పోయినట్టేనా?

నిపుణురాలు: ముందు పటం మూలనున్న స్కేలు చూడండి. 1:20,000 అయితే కాగితం మీద ఒక మిల్లీమీటరు గీత నేల మీద 20 మీటర్లు. అంటే గీత మందంలోనే మీ ఇల్లూ, రోడ్డూ, ఎదురింటి వాళ్ళూ అందరూ ఉంటారు. ఫోనులో పెద్దది చేసి చూసినా గీత లావవుతుంది గానీ వివరం పెరగదు. అందుకని "ఈ రోడ్డుకి సర్వే నంబర్ల వారీగా జాబితా, ప్రతిపాదిత వెడల్పు ఇవ్వండి" అని అడగండి. మీ సర్వే నంబరు, సబ్‌డివిజన్, డోరు నంబరు రాసి, పన్ను రసీదు జిరాక్స్ పెట్టండి. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వొద్దు.

కాలర్: ఇప్పుడు రాయకపోతే తర్వాత అడగడానికుండదా?

నిపుణురాలు: అవి రెండు వేర్వేరు గడువులు. ప్రణాళిక మీద అభ్యంతరానికి ప్రకటనలో ఇచ్చిన తేదీయే గడువు. నిజంగా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి. అదొచ్చాక కలెక్టరుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. అప్పుడు చూసుకుందాం లెమ్మని ఇప్పుడు ఊరుకోవద్దు. గీత ఖాయమయ్యాక పక్కకి జరపడం కన్నా ముసాయిదాలో ఉన్నప్పుడే జరపడం తేలిక.

వ్యాఖ్యాత: మధురవాడ.

కాలర్: మెట్రో వస్తుంది కదా మేడమ్, ఇంక ఈ బస్సుల గొడవెందుకు?

నిపుణురాలు: మెట్రో డీపీఆర్, అంటే వివరమైన ప్రాజెక్టు నివేదిక చూడండి. మొదటి దశ మూడు కారిడార్లు కలిపి 46.23 కిలోమీటర్లు. స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది 34.4, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు 5 పైచిలుకు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు 6.75. మీరు రుషికొండ కొండమీది ఆఫీసుకి వెళ్ళాలంటే దిగాక మళ్ళీ ఏదో ఒకటి ఎక్కాలి కదా? ఆ రెండో బండి ఎన్ని నిమిషాలకొకటి, ఎవరు నడుపుతారు, డబ్బెవరిది, ఇదీ అడగాల్సింది. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం నగరం మొత్తం రాకపోకలకి సమగ్ర మొబిలిటీ ప్లాను ఉండాలి, మెట్రోతో పాటు మిగతా మార్గాల్నీ పోల్చి చూడాలి. ఆ పోలిక ఏ పేజీలో ఉందో చూడండి.

లెక్కల్లో ఇంకో కిటుకుంది. రోడ్డు సామర్థ్యం లెక్కగట్టడానికి కారుని ఒకటి అనుకుంటారు. బస్సుని, ట్రాఫిక్‌లో దాని వాటాని బట్టి 2.2 నుంచి 3.7 వరకు తీసుకుంటారు. అంటే బస్సు మూడు కార్లంత "అడ్డం". లోపల యాభై మంది ఉన్న సంగతి ఆ అంకెలో ఉండదు. బండ్లు కాకుండా గంటకి ఎంతమంది మనుషులు దాటారో పట్టికలో చూపించమని రాయండి. దాంతో మద్దిలపాలెం జంక్షన్ బొమ్మే మారిపోతుంది.

వ్యాఖ్యాత: మరి బస్సులకి విడిగా లేను ఇచ్చే బీఆర్‌టీఎస్?

నిపుణురాలు: పెందుర్తి కారిడారు, సింహాచలం కారిడారు. రోడ్డు వేయడానికి డబ్బొచ్చింది. అడవివరం, హనుమంతవాక మధ్య ముక్క మాత్రం ఏళ్ళ తరబడి పూర్తి కాలేదు. బస్సు లేను మధ్యలో తెగితే బస్సు మామూలు ట్రాఫిక్‌లోకే దిగాలి, ఇక లేను ఉండి ఏం లాభం? అందుకే ముసాయిదాలో ఏ కారిడారు కనబడినా మూడు అడగండి: ఎన్ని బస్సులు, ఎంతమంది డ్రైవర్లు, ఏటా నడిపే ఖర్చు ఏ పద్దు నుంచి. నిర్మాణం ఖర్చు ఒక్కటే రాసి ఇవి రాయకపోతే, ఆ కారిడారు మీద అనుమానపడాల్సిందే.

కాలర్: సీతమ్మధార నుంచండి. మా నాన్నగారిది చక్రాల కుర్చీ. ఇరవై ఏళ్ళ ప్లానులో ఫుట్‌పాత్ గురించి రాస్తే నవ్వుతారేమో?

నిపుణురాలు: నవ్వరు గానీ "ఇది జీవీఎంసీ, అంటే నగర కార్పొరేషను చూసే పని" అని తిప్పి పంపుతారు. కాబట్టి మీ వీధి అని కాకుండా ప్రమాణం రాయమనండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం నడిచే జాగా అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్లు, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ర్యాంపు వాలు 1:12. అంటే 150 మిల్లీమీటర్ల గట్టెక్కడానికి ర్యాంపు 1.8 మీటర్ల పొడవుండాలి. చాలాచోట్ల ముప్పాతిక మీటరులో సిమెంటు పోసి ర్యాంపంటారు, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ప్రతి స్టేషను, ప్రతి బస్టాపు నుంచి 500 మీటర్ల వరకు ఈ కొలతలు పాటించాలన్న వాక్యం ప్రణాళికలో చేర్చమని అడగండి.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోను, అక్కయ్యపాలెం. త్వరగా అడగండి.

కాలర్: కాగితం ఇచ్చాక ఏమైందో ఎలా తెలుస్తుంది?

నిపుణురాలు: తుది ప్రణాళికతో పాటు అభ్యంతరాల పట్టిక పెట్టారేమో చూడండి. లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "నా అభ్యంతరం ఏమైంది" అని అడక్కండి, "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. "ఇన్వార్డు నంబరు ఫలానా కాగితం మీద అధికారులు రాసిన నోట్ ఫైలు నకలు, అభ్యంతరాల పట్టికలో ఆ వరస నకలు ఇవ్వండి" అని అడగండి.

కాలర్: ఇన్వార్డు నంబరు వేయించుకోలేదండి.

నిపుణురాలు: గడువింకా ఉంటే, రేపే ఇంకో కాపీ పట్టుకెళ్ళండి.