మొదటి కీమోకు ముందున్న రెండు వారాలు

పెద్దలకు, తోటి వైద్యులకు, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మన ఇళ్లలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలిన రోజున విశాఖపట్నం వెళ్లాలా, కటక్ వెళ్లాలా, తోడు ఎవరు వెళ్లాలి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని రాత్రంతా మాట్లాడుకుంటారు. రోగి పాతికేళ్లు నిండని, పెళ్లి కాని పిల్ల అయితే, రేపు ఆమెకు బిడ్డలు పుడతారా అన్న ప్రశ్న అందరి మనసులో ఉన్నా ఎవరి నోటా రాదు. ముందు ప్రాణం నిలవనీ, ఆ సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. ప్రాణమే ముందన్న మాటలో తప్పులేదు కానీ, చికిత్స ముగిశాక అడిగితే చాలామందికి చేయగలిగింది మిగలదు. బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిన నాటి నుంచి మొదటి కీమో ఎక్కించే వరకు ఉండే కొద్ది రోజులే అందుకు సమయం. మనకు అందులో సగం ప్రయాణాలకే పోతుంది కాబట్టి, ఈ మాటను పెద్దాసుపత్రి వైద్యుడికి వదిలేయకుండా ఇక్కడ మొదట చూసిన వైద్యుడే ఎత్తాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి; రజస్వల అయ్యేసరికి అవి 3, 4 లక్షలకు తగ్గుతాయి. కొత్తవి పుట్టవు. రొమ్ము క్యాన్సర్‌లో తరచుగా వాడే సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమో మందులు ఈ నిల్వను బాగా హరిస్తాయి. అన్ని మందులూ అంత చెరుపు చేయవు, పైగా అదే మందు పాతికేళ్ల స్త్రీ కన్నా నలభైకి దగ్గరైన స్త్రీకి ఎక్కువ నష్టం చేస్తుంది. కీమో తర్వాత నెలసరి మళ్లీ వచ్చినంత మాత్రాన అంతా మునుపటిలాగే ఉందనుకోవద్దు, ఎందుకంటే నిల్వ తరిగిపోయినా కొంతకాలం నెలసరి వస్తూనే ఉండవచ్చు.

అండాలను తీసి, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల చలిలో దాచే పద్ధతి నేడు స్థిరపడింది. పెళ్లైనవారు పిండాలను కూడా దాచుకోవచ్చు. ఇందుకు సుమారు 10 నుంచి 14 రోజుల ఇంజెక్షన్లు అవసరమవుతాయి. పూర్వం నెలసరి వచ్చే దాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు ఏ రోజునైనా మొదలుపెట్టవచ్చు. ఈ ఇంజెక్షన్ల వల్ల ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగితే రొమ్ము క్యాన్సర్ ముదురుతుందేమోనన్న భయం సహజమే కనుక, ఆ హార్మోన్‌ను అదుపులో ఉంచడానికి లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారు. అయితే తీవ్రమైన ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వంటి జబ్బుల్లో రెండు వారాలు ఆగడం ప్రాణాపాయం. అక్కడ ఆగమని నేను చెప్పను.

ఇంకా రజస్వల కాని పిల్లలకు ఈ ఇంజెక్షన్లు పనికిరావు. వారికి లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రం గుండా చేసే శస్త్రచికిత్స, ద్వారా అండాశయపు పొరను కొంత తీసి దాచడమొక్కటే మార్గం. ఇలా దాచిన పొరను తిరిగి అమర్చాక మొదటి శిశువు 2004లో బెల్జియంలో జన్మించింది. ఆ తల్లికి లింఫోమా (శోషరస గ్రంథుల క్యాన్సర్) చికిత్సకు ముందు, 1997లో, ఆ పొరను తీశారు. పొత్తికడుపుకు కరెంటు పెట్టవలసి వస్తే, అంటే రేడియేషన్ ఇవ్వవలసి వస్తే, కిరణాలు తగలని చోటికి అండాశయాలను పైకి జరిపి కుట్టే శస్త్రచికిత్స కూడా ఉంది.

మగవారి విషయం ఎంతో సులువు, అయినా మనం ఎక్కువగా విస్మరించేది వారినే. దాచేందుకు వీర్య నమూనా ఇవ్వడానికి ఒక్క పూట చాలు, చికిత్స ఆలస్యం కాదు. చాలా ఏళ్ల క్రితం లింఫోమా ఉన్న ఒక యువకుణ్ణి నేనే చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాను. తండ్రి పక్కనే కూర్చున్నాడు, నాకు మొహమాటం అడ్డొచ్చింది, ఈ మాట ఎత్తలేదు. జబ్బు నయమై, పెళ్లి చేసుకొని, భార్యతో కలిసి అతను నా దగ్గరికే వచ్చినప్పుడు పరీక్షలో వీర్యకణాలు లేవు. ఆనాటి నుంచి అటువంటి సందర్భాల్లో తండ్రిని కాసేపు బయట కూర్చోమంటున్నాను.

గర్భం వస్తే జబ్బు తిరగబెడుతుందన్న మాట ఊళ్లలో బలంగా ఉంది. హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడే రొమ్ము క్యాన్సర్ స్త్రీలు, తొలుత ఏడాదిన్నరకు తక్కువ కాకుండా మాత్రలు వాడి, ఆపైన రెండేళ్ల వరకు వాటిని ఆపి గర్భం ధరించే ప్రయత్నం చేస్తే ఏమవుతుందో 500 మందికి పైగా స్త్రీలతో పరిశీలించి 2023లో ప్రకటించారు. సుమారు మూడున్నరేళ్ల పరిశీలనలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. దీర్ఘకాలపు ఫలితం ఇంకా రావాలి. తల్లికి వంశపారంపర్యమైన జన్యుదోషం ఉంటే తప్ప, చికిత్స పొందినందువల్ల బిడ్డకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరిగినట్లు కనబడలేదు.

చివరగా, అండాలో వీర్యమో దాచేటప్పుడు సంతకం పెట్టించుకునే సమ్మతి పత్రం సంగతి. దాచినవారు మరణిస్తే దాచినదాన్ని ఏం చేయాలన్నది అందులో స్పష్టంగా ఉండాలి. క్యాన్సర్‌తో మరణించిన ఒక అవివాహిత యువకుడి వీర్యాన్ని తమకివ్వాలని తల్లిదండ్రులు కోర్టుకెక్కగా, వారికి అప్పగించమని 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చే వరకు వారు ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చింది. మనలో ఒడియా ధారాళంగా మాట్లాడినా చదవలేనివారు, తెలుగు తప్ప మరో లిపి రానివారు చాలామంది ఉన్నారు. కాగితం ఒడియాలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, వేలిముద్ర వేసే ముందు ఆ భాగాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగండి.